మిస్ హేల్ నడిస్తే వచ్చే చప్పుడు

దోన్యా తొమాసా ఒచోవా పోయినప్పుడు చర్చిలో పాదిరి ఆమెని "శాంతమూర్తి, ఏనాడూ ఎవరికీ కీడు తలపెట్టని తల్లి" అన్నాడు. నేను మూడో బెంచీలో కూర్చుని, పొంగుకొచ్చిన నవ్వుని దగ్గులోకి మార్చుకోవడానికి నానా తంటాలూ పడ్డాను. పాదిరి మంచివాడే, కాకపోతే మా పేటకి కొత్త. దోన్యా తొమాసా కీడు తలపెట్టింది. తలపెట్టి ఊరుకోకుండా నా చేత చేయించింది కూడా. ఆ సంగతి తెలిసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనూ, ఇంకో ఇద్దరూ. వాళ్ళిద్దరికీ మతిమరుపు. అందుకని నేనే చెప్పాలి.

హాలీవుడ్‌లో పెద్ద స్టూడియోల వెనక వీధిలో మిస్టర్ ప్రౌటీది చిన్న స్టూడియో ఉండేది. వారానికో ఏడుపు బొమ్మ, లేకపోతే గుర్రాల బొమ్మ తీసి పారేసేవాడు. వాటిలో వేషాలకి బట్టలు కుట్టేది మేం. పదకొండు మంది ఆడవాళ్ళం, అందరం మెక్సికో నుంచి వచ్చినవాళ్ళమే. పొద్దున్నే మేముండే బాయిల్ హైట్స్‌లో ట్రాము ఎక్కి, మధ్యలో ఇంకో ట్రాము మారి వచ్చేవాళ్ళం. మా పెద్ద దోన్యా తొమాసా, దోన్యా అంటే మా భాషలో అమ్మగారు. ఇస్త్రీ నాది. నా రెండోవాడికి జ్ఞానస్నానం చేయించినప్పుడు వాణ్ణి ఎత్తుకున్నది ఆమే కాబట్టి, మా వరసలో నేను ఆమెకి కొమాద్రెని, ఆమె నాకు కొమాద్రె. తిట్టుకున్నా అదే పిలుపు.

ఆమె గొప్పతనమల్లా చెవిలో ఉండేది. గుడ్డలమ్మేవాడు థాను విప్పి రంగు గురించి ఊదరగొడుతుంటే, ఆమె కళ్ళు మూసుకుని అంచు చెవి దగ్గర పెట్టుకుని బొటనవేలితో రుద్దేది. "ఇది పట్టు కాదు నాయనా, పట్టుకి దూరపు చుట్టం" అని తిప్పి పంపేసేది. మంచి పట్టు మాట్లాడుతుందని ఆమె నమ్మకం. రాణి వేషం వేసిన పిల్ల మెట్లు దిగుతుంటే పావడా గరగరలాడాలి, అప్పుడే ఆ పిల్లకి తను రాణినన్న సంగతి గుర్తుంటుందనేది. తీసేవన్నీ మూకీలు కదా, ఆ గరగర హాల్లో ఎవరికి వినపడుతుంది అని నేనంటే, "వేసుకున్నదానికి వినపడుతుందిగా, చాల్లే" అనేది.

మూకీల రోజుల్లో షూటింగు జరిగే చోటు సంతలా ఉండేది. ఒక మూల వడ్రంగులు మేకులు కొడుతుండేవాళ్ళు. ఇంకో మూల హీరోయిన్‌కి కన్నీళ్ళు రావడానికి ఒకాయన వయొలిన్ వాయిస్తుండేవాడు. డైరెక్టరు బాకాలోంచి అరుస్తుండేవాడు. అటు ప్రేమ సన్నివేశం నడుస్తుంటే ఇటు మేం కెమెరా పక్కనే నిలబడి చిక్కుడు గింజలు ఎంతసేపు ఉడకాలో పోట్లాడుకునేవాళ్ళం. మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు, అనాల్సిన అవసరం లేదు కాబట్టి.

ఇరవై తొమ్మిదో సంవత్సరం చలి తగ్గుతుండగా మిస్టర్ ప్రౌటీ కూడా టాకీలు తీయడం మొదలుపెట్టాడు. గోడలకి బొంతలు కొట్టారు. వయొలిన్ ఆయన్ని పంపేశారు. మా కుట్టుమిషన్లని పెరట్లో రేకుల షెడ్డులోకి తోశారు. కెమెరా కూడా చప్పుడు చేస్తుందని దాన్నీ, దాన్ని తిప్పేవాణ్ణీ కలిపి ఒక పెట్టెలో పెట్టి తలుపు మూశారు. ఆ పెట్టెలోంచి ఆ మనిషి ఉడికిన మొక్కజొన్న కండెలా బయటికొచ్చేవాడు. వీటన్నిటితో పాటు వచ్చినవాడు మిస్టర్ లాంబర్ట్ ఫిస్క్.

ఫిస్క్ ఎక్కడో టెలిఫోను తీగలు బాగుచేసుకునేవాడట. ముప్పై ఏళ్ళు నిండలేదు. సన్నగా, పొడుగ్గా, మెడ మరీ పొడుగ్గా ఉండేవాడు. మొదటి రోజే మేం అతనికి కొంగ అని పేరు పెట్టేశాం. ఆ దీపాల వేడికి అందరూ చొక్కా చేతులు పైకి మడిచి తిరుగుతుంటే, ఇతను మాత్రం తెల్లటి గట్టి కాలరు తగిలించుకుని పెళ్ళికొడుకులా వచ్చేవాడు. ఆ కాలరు చొక్కాతో పాటు కుట్టింది కాదు, విడిగా గుండీలతో పెట్టుకునేది. ఇంజినీరు ఇంజినీరులా కనపడాలని అతని పట్టుదల.

హాలుకి ఒక చివర, మెట్ల పైన, అతని కోసం గాజు గది కట్టారు. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని అందులో కూర్చునేవాడు. వేషగాళ్ళ తలల మీద మైకు వేలాడుతుండేది. కింద పలికిన మాట పక్క గదిలో తిరుగుతున్న మైనపు పళ్ళెం మీద గీతలుగా పడేది. అతనికి ఏదైనా తేడాగా వినపడితే గోడకున్న లౌడ్‌స్పీకరులోంచి "చప్పుడు. పనికిరాదు" అనేవాడు. వెంటనే పక్క గదిలో మనిషి ఆ మైనం పైపొర గీకి పారేసేవాడు. పనికిరానిదాన్ని రెండోసారి వినే వీలు ఎవరికీ లేదు. డైరెక్టరు బాగుందన్నా, మిస్టర్ ప్రౌటీ బాగుందన్నా లాభం లేదు. ఫిస్క్ విన్నది ఉన్నట్టు, విననిది లేనట్టు.

మొదటి టాకీలో మిస్ ఇమోజిన్ హేల్‌ది గొప్పింటి పిల్ల వేషం. ఆమె కోసం దోన్యా తొమాసా మూడు వారాలు కూర్చుని, గరగరలాడే టఫెటా పట్టుతో గౌను కుట్టింది. దాని కింద పద్నాలుగు గజాల పావడా. మిస్ హేల్ అది వేసుకుని తలుపు దగ్గర్నుంచి పియానో దాకా నాలుగడుగులు వేసిందో లేదో, ఫిస్క్ హెడ్‌ఫోన్లు పీకి పడేసి మెట్లు దిగొచ్చాడు. అడవి తగలబడుతున్నట్టుంది అన్నాడు. అది నిజమే అయ్యుంటుంది, నేను కాదనను. కానీ తర్వాత చేసిన పని మాత్రం క్షమించరానిది. మా పిలార్ నడుముకి వేలాడుతున్న కత్తెర లాక్కుని, మిస్ హేల్ కాళ్ళ దగ్గర మోకరిల్లి, గౌను పైకెత్తి, అందరి ఎదుటా ఆ పావడా కోసేశాడు.

"మేడమ్, ఇకనుంచి మీ బట్టలు నోరు మూసుకోవాలి" అన్నాడు దోన్యా తొమాసాతో.

ఆమె కింద పడ్డ ముక్కలు ఏరి, మడతపెట్టి, చంకలో పెట్టుకుని వచ్చేసింది. ఆమె మాట్లాడకుండా ఉంటే వాళ్ళింట్లో పిల్లులు కూడా గోడెక్కి కూర్చునేవి. ట్రాములో సగం దూరం వచ్చాక నోరు విప్పింది.

"కొమాద్రె, ఆ కొంగ కాలర్లు ఉతికేది ఎవరు?"

"మనమే కదా. స్టూడియోలో మగాళ్ళ చొక్కాలన్నీ మన గదికేగా వచ్చేది."

"గంజి ఎంత పెడుతున్నావు?"

"అందరికీ పెట్టినంతే."

"ఆయన అందరిలాంటివాడా? ఇంజినీరు. మర్యాద చెయ్యొద్దూ."

మర్నాడు గంజి తనే కాచింది. మొక్కజొన్న పిండి, బిగుసుకోవడానికి కొంచెం బోరాక్స్ పొడి, తళతళలాడటానికి కొవ్వొత్తి ముక్క. గరిట నిలబెడితే నిలబడింది. ఆ గంజిలో ముంచి, ఆరబెట్టి, మళ్ళీ ముంచి, ఆరు కాలర్లనీ నా చేత మూడేసి సార్లు ఇస్త్రీ చేయించింది. చివరికి ఒకదాన్ని తీసి బల్ల మీద కొడితే కంచం మోగినట్టు మోగింది.

"ఇక మెడ తిప్పాలంటే నడుం కూడా తిప్పాల్సిందే" అంది.

పదకొండు మందిమీ కడుపు చెక్కలయ్యేలా నవ్వాం. అతను ఆ కాలరు పెట్టుకుని, అద్దంలో చూసుకుని, మా షెడ్డు దాకా వచ్చి మరీ, "చాలా బాగున్నాయి మేడమ్, ఇలాగే చేస్తూ ఉండండి" అని చెప్పి వెళ్ళాడు. మాకు ఇంకో రోజు నవ్వుకోవడానికి సరిపోయింది.

వారం తిరిగేసరికి మిస్ హేల్‌కి మెత్తటి క్రేప్ గౌను కుట్టి ఇచ్చాం. పావడా లేదు. గలగలలాడే ముత్యాల దండ తీసేశాం. చెప్పుల కింద ఒత్తిన ఉన్ని నమదా గుడ్డ అంటించాం. ఆమె తలుపు దగ్గర్నుంచి నడిచి పియానో దగ్గర నిలబడి "నాన్నగారు ఇంకా రాలేదా?" అనాలి, అంతే. నడిచింది, అంది. లౌడ్‌స్పీకరు "చప్పుడు. పనికిరాదు" అంది. క్రేప్ తీసి ఉన్ని గౌను వేశాం. చప్పుడు. ఉన్ని తీసి ఫ్లానెల్ వేశాం, పసిపిల్లల పక్కగుడ్డలకి వాడేది. చప్పుడు. రెండు రోజుల్లో పదిహేడు సార్లు ఆ పిల్ల వాళ్ళ నాన్నగారి గురించి అడిగింది. ఆయన వేషం వేసిన ముసలాయన తన వంతు రాక, సోఫాలో పడుకుని గుర్రుపెట్టి, ఆ గుర్రుకి కూడా ఒకసారి తిట్లు తిన్నాడు.

"అసలు ఎలాంటి చప్పుడండీ?" అని డైరెక్టరు అడిగాడు.

"బట్ట చప్పుడే. గరగరమని. ఆమె నడిస్తే వస్తుంది, ఆగితే ఆగుతుంది" అన్నాడు ఫిస్క్.

బుధవారం మధ్యాహ్నం మిస్టర్ ప్రౌటీ మా షెడ్డుకి వచ్చాడు. కూర్చోలేదు. "శుక్రవారం సాయంత్రం దాకా చూస్తాను. అప్పటికి ఆ చప్పుడు పోకపోతే ఈ గది మూసేస్తాను. డౌన్‌టౌన్‌లో బట్టలు అద్దెకిచ్చే కొట్లు బోలెడున్నాయి" అని చెప్పి వెళ్ళిపోయాడు.

అప్పటికి నాకు ముగ్గురు పిల్లలు. మా ఆయన ఇటుకల బట్టీలో నడుం విరగ్గొట్టుకుని మంచంలో ఉన్నాడు. ఈ పని పోతే నాకు మిగిలింది ఓడరేవులో చేపలు డబ్బాలకెత్తే ఫ్యాక్టరీ. అక్కడ పనిచేసే ఆడవాళ్ళ పక్కన ట్రాములో ఎవరూ కూర్చోరు, ఆ వాసనకి. మిగతావాళ్ళ సంగతీ కొంచెం అటూ ఇటూగా అంతే. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

దోన్యా తొమాసా తిన్నగా గాజు గది మెట్ల కిందకి వెళ్ళి నిలబడింది.

"మిస్టర్ ఫిస్క్, తప్పు బట్టదో మనిషిదో ఇవాళ తేల్చేద్దాం. ఇదే ఫ్లానెల్ గౌను ఇంకొకరికి వేసి నడిపిస్తాను. వినండి."

"ఎవరికి వేస్తారు?"

మిస్ హేల్ తప్ప ఆ పూట ఆడవేషాలెవరూ లేరు. మమ్మల్ని నడిపిస్తే మేం కావాలని మెల్లగా నడుస్తామంటారు. దోన్యా తొమాసా అటూ ఇటూ చూసి వడ్రంగి గస్‌ని చూపించింది. గస్ ఆరడుగుల స్వీడన్ మనిషి, మీసాలు గడ్డం దాకా వేలాడుతుండేవి.

"నేను మేకులు కొట్టేవాణ్ణమ్మా" అన్నాడు గస్.

"నడవడం వచ్చా, రాదా?"

"వచ్చు."

"అయితే చేతులు పైకెత్తు."

గౌను వెనక హుక్కులు పడలేదు. ఒక శాలువా కప్పి సర్దాం. గస్ రెండు చేతులతో గౌను పట్టుకుని, బురద దాటుతున్నట్టు తలుపు నుంచి పియానో దాకా నడిచి, బొంగురు గొంతుతో "నాన్నగారు ఇంకా రాలేదా?" అన్నాడు. మేం శాలువా అంచులు, రుమాళ్ళు, చేతికి దొరికిందల్లా నోట్లో కుక్కుకున్నాం. ఫిస్క్ ఒకసారి చూసి, చూడలేక, తల వంచి కాగితం మీద ఏదో రాసుకుంటూ కూర్చున్నాడు.

"శుభ్రంగా ఉంది. ఒక్క చప్పుడు లేదు" అంది లౌడ్‌స్పీకరు.

అదే గౌను మళ్ళీ మిస్ హేల్‌కి వేస్తే చప్పుడు వచ్చింది. గౌను తీసేసి, స్నానాలగదిలో తొడుక్కునే తువాలు అంగీ వేసి నడిపిస్తే కూడా వచ్చింది.

"అయితే చప్పుడు బట్టల్లోంచి కాదు. మిస్ హేల్‌లోంచి వస్తోంది" అన్నాడు ఫిస్క్.

"నాలోంచి అంటే?" అంది మిస్ హేల్.

"మోకాళ్ళేమో."

ఆమె చెప్పు విప్పి చేత్తో పట్టుకుంది. "ఈ మోకాళ్ళకి ఆరు రాష్ట్రాల నుంచి ఉత్తరాలొస్తాయి. నీ ముఖానికి ఎన్నొస్తాయో కిందకి వచ్చి చెప్పు" అంది. డైరెక్టరు అడ్డం పడి చెప్పు తొడిగించాడు. ఆమె ఏడుస్తూ తన గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

దోన్యా తొమాసా ఈ గొడవంతా పట్టించుకోలేదు. మిస్ హేల్ చివరిసారి నడుస్తున్నప్పుడు హాలంతా మిస్ హేల్‌ని చూస్తుంటే, ఈమె ఒక్కతే గాజు గది వైపు చూస్తూ నిలబడింది. తర్వాత మెల్లగా షెడ్డుకి వచ్చి, బట్టల పెట్టె మీద కూలబడింది.

"కొమాద్రె, ఆ పిల్ల మోకాళ్ళు వెన్నపూస. చప్పుడు కొంగ మెడలో ఉంది."

"మెడలోనా?"

"నీ గంజిలో."

నాకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. మిస్ హేల్ నడిచినంతసేపూ ఫిస్క్ తల ఆమె వెంటే తిరుగుతోంది. తిరిగినప్పుడల్లా రేకులాంటి కాలరు గర్రుమని వంగి, దాని అంచు వెళ్ళి హెడ్‌ఫోను కప్పుకి గీసుకుంటోంది. ఆమె ఆగితే అతని తల ఆగుతుంది, చప్పుడూ ఆగుతుంది. ఆ గరగర మైకులో లేదు, మైనం మీదా లేదు. అతని ఒక్కడి చెవిలో ఉంది.

"మరి గస్ నడిచినప్పుడు రాలేదేం?" అన్నాను.

"గస్ నడిస్తే ఏ మగాడు తల తిప్పుతాడే?"

కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ ఉండగా నాకు పదిహేడు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. పదిహేడు సార్లు ఫిలిం, పదిహేడు సార్లు మైనం, నలభై మంది రెండు రోజుల పని. ఇది బయటపడితే శుక్రవారం దాకా కూడా ఉండనివ్వరు.

"నా గంజి అంటావేం? కలిపింది నువ్వు" అన్నాను.

"ఇస్త్రీ చేసింది నువ్వు."

"చేయించింది నువ్వు."

"సరే, చేయించింది నేనే. ఇప్పుడు ఉతకబోయేది కూడా నేనే. ఉన్న కాలర్లన్నీ పట్రా. పక్కగుడ్డలా మెత్తగా చేసి రేపు ఇచ్చేద్దాం. చప్పుడు దానంతటదే పోతుంది. కొంగ తన గొప్పే అనుకుంటాడు, అనుకోనీ" అంది.

మంచి ఉపాయమే. గురువారం మధ్యాహ్నం దాకా నిలిచింది.

గురువారం మేం షెడ్డులో గుండ్రంగా కూర్చుని చిక్కుడు గింజలు, పచ్చిమిర్చి పెట్టి తోర్తియా రొట్టెలు చుట్టుకుని తింటున్నాం. గుమ్మంలో ఫిస్క్ నిలబడ్డాడు. టోపీ చేతిలో ఉంది. మెడకి ఉన్నది పాత గట్టి కాలరే.

"కొంగ వచ్చింది, చేపలు దాచుకోండి" అంది పిలార్, మా స్పానిష్‌లో.

"కాస్త మెడ తిప్పమను, సంగీతం విందాం" అంది ఇంకొకామె.

అతను నవ్వలేదు. టోపీని చేతుల్లో ఒకసారి తిప్పి, "దోన్యా తొమాసా, మీతో ఒక్క మాట మాట్లాడాలి" అన్నాడు. స్పానిష్‌లో. సరిహద్దులో గొడ్లు కాసుకునేవాళ్ళు మాట్లాడే రకం, తడుముకోకుండా.

నా చేతిలో రొట్టె ఒళ్ళో పడింది. రెండు నెలలుగా అతని ముందే ఏమేం అన్నామో అందరికీ ఒక్కసారి గుర్తొచ్చినట్టుంది, ఎవరూ నమలడం లేదు.

"మీకు మా భాష వచ్చా?" అంది దోన్యా తొమాసా.

"సరిహద్దు మీద నోగాలెస్‌లో తొమ్మిదేళ్ళు టెలిఫోను స్తంభాలెక్కానమ్మా."

"అయితే ఇన్నాళ్ళూ మేం అన్నవి..."

"విన్నాను. మైకు కింద నిలబడి అంటారు కదా, ఇంకా బాగా వినపడతాయి. కొంగ అన్నది విన్నాను. మా అమ్మ నన్ను కొంగకే కని ఉంటుందన్నది కూడా విన్నాను."

పిలార్ శాలువా మొహం మీదకి లాక్కుంది.

"మరి అడగలేదేం?"

"సగం నిజమే కదా అని ఊరుకున్నాను. నేను వచ్చింది దానికి కాదు." అతను గొంతు తగ్గించాడు. "మీకు బట్ట ఏదైనా చెవితోనే తెలిసిపోతుందట. నిజం చెప్పండి. మిస్ హేల్ నడిస్తే ఆ గరగర మీకు వినపడుతోందా?"

ఆమె అతని మెడ వైపు చూసింది.

"నాకు హెడ్‌ఫోన్లు తీసేసినా వినపడుతోంది. వీధిలో ఎవరైనా పిలిస్తే అటు తిరుగుతానా, చెవి పక్కనే గరగర. ఇంట్లోనూ అంతే. డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన లోపల దీపం పెట్టి చూసి, ఏమీ కనపడటం లేదు, ఇలాంటివి మెల్లగా ముదురుతాయి అన్నాడు. వారం నుంచి నిద్ర లేదు. నాకు చదువు లేదు, పొలం లేదు. ఉన్నవి ఈ రెండు చెవులే. పోతున్నాయేమో అని..." టోపీ అంచు నలుపుతూ నిలబడ్డాడు.

నాకు సిగ్గేసింది. మేం అతని మెడ ఒరుసుకుపోవాలనుకున్నాం గానీ, ఇలా బెంగ పెట్టుకుని చావాలనుకోలేదు. మెత్తటి కాలర్ల పొట్లం నా పక్కనే సిద్ధంగా ఉంది. అది అతని చేతిలో పెట్టి పంపేస్తే సాయంత్రానికి చప్పుడు పోతుంది, పదకొండు మందిమీ గట్టెక్కుతాం. నేను పొట్లం తీసి దోన్యా తొమాసాకి అందించాను కూడా. ఆమె తీసుకోలేదు. లేచి, చేతులు తుడుచుకుని, అతని దగ్గరికి వెళ్ళింది.

"వంగండి" అంది.

అతను వంగాడు. ఆమె గుండీలు తీసి కాలరు ఊడదీసింది. కింద మెడ చుట్టూ ఎర్రగా కోసుకుపోయి ఉంది. ఆ కాలరుని అతని చెవి దగ్గర పెట్టి రెండు చేతులతో వంచింది. గర్రుమంది.

"ఇదేనా?"

అతను కళ్ళు మూసుకున్నాడు. "ఇదే."

"మీ చెవులకేం కాలేదు. గంజి నేను పెట్టాను. ఇంత గంజి కావాలనే పెట్టాను. మీరు నా పావడా కోశారని."

అతను తలుపు పక్కనున్న గుడ్డల మూట మీద కూర్చుండిపోయి, మొహం చేతుల్లో దాచుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఇక అరుస్తాడు, మిస్టర్ ప్రౌటీ దగ్గరికి పరిగెడతాడు అనుకున్నాం. చేతులు తీశాక చూస్తే నవ్వుతున్నాడు, కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి, ఏది ఎక్కువో చెప్పలేం.

"నా చెవులు బాగానే ఉన్నాయి" అన్నాడు.

"దివ్యంగా ఉన్నాయి. ఉండాల్సినదానికంటే బాగున్నాయి."

"ఆ పావడా కుట్టడానికి ఎన్నాళ్ళు పట్టింది?"

"మూడు వారాలు."

"నేను అలా కోసి ఉండాల్సింది కాదు."

"కాదు" అంది ఆమె. ఇంకొకరైతే పోనీలెండి అనేవాళ్ళు. ఆమె అనలేదు. ఒక రొట్టెలో గింజలు పెట్టి, మిర్చి కాస్త ఎక్కువే పెట్టి, చుట్టి చేతిలో పెట్టింది. అతను అది తిని, ముక్కు తుడుచుకుని, మెత్తటి కాలరు తగిలించుకుని వెళ్ళాడు. మిస్టర్ ప్రౌటీకి ఏం చెప్పాలో అతనూ అడగలేదు, మేమూ అనుకోలేదు.

శుక్రవారం పొద్దున దోన్యా తొమాసా మళ్ళీ పట్టు తీసింది. టఫెటా కాదు, నాలుగు నీళ్ళు పోసి ఉతికిన పాలరంగు మెత్తటి పట్టు. మిస్ హేల్ని బతిమాలి గడియ తీయించి, ఆ గౌను వేసి హాల్లోకి తీసుకొచ్చింది. మిస్టర్ ప్రౌటీ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మేమంతా గోడకి ఆనుకుని నిలబడ్డాం. మిస్ హేల్ తలుపు దగ్గర్నుంచి పియానో దాకా నడిచింది. గాజు గదిలో కొంగ మెడ ఆమె వెంటే ఈ చివర్నుంచి ఆ చివరికి తిరిగింది. "నాన్నగారు ఇంకా రాలేదా?" అంది. ముసలాయన నిద్రలేచి వచ్చి తన మాట కూడా చెప్పేశాడు.

"శుభ్రంగా ఉంది. పనికొస్తుంది" అంది లౌడ్‌స్పీకరు.

హాలంతా చప్పట్లు కొట్టింది. మిస్టర్ ప్రౌటీ మాత్రం తల పంకిస్తూ లేచాడు.

"చూశారా, భయం పెడితే గానీ పని జరగదు. అంటే ఇన్నాళ్ళూ తప్పు ఈ కుట్టుగదిదేగా? మళ్ళీ మళ్ళీ భయపెడుతూ కూర్చునే ఓపిక నాకు లేదు. సోమవారం నుంచి అద్దె బట్టలే."

ఫిస్క్ హెడ్‌ఫోన్లు తీసి కిందకి దిగొచ్చాడు. "తప్పు బట్టల్ది కాదు సార్. నా కాలరుది" అన్నాడు. జేబులోంచి ఆ గట్టి కాలరు తీసి, హెడ్‌ఫోను మీద గీసి వినిపించాడు. అంతా చెప్పాడు, అంత గంజి ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో తప్ప.

మిస్టర్ ప్రౌటీ మెడ నుంచి నుదుటి దాకా ఎర్రబడ్డాడు. ఆ కోపం ఫిస్క్ మీద చూపించడానికి లేదు. సౌండు తెలిసిన మనిషి ఆ ఏడు ఊళ్ళో ఎక్కడా దొరకడం లేదు, ఉన్నవాళ్ళని పెద్ద స్టూడియోలు గద్దల్లా తన్నుకుపోతున్నాయి. అందుకని ఆ కోపం వేరే చోటు వెతుక్కుంది.

"కాలర్లు ఇస్త్రీ చేసేదెవరు?"

ఎవరూ చెప్పక్కర్లేదు, నా చేతుల మీద కాలిన మచ్చలు చూస్తే తెలుస్తుంది. ఆయన వేలు నా మీదకి తిరిగింది.

"నువ్వేనా? నీ సంచీ తీసుకుని ఇంటికి వెళ్ళు. మళ్ళీ రాకు."

నాకు అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. ఇంట్లో మంచం మీదున్న మనిషి, ముగ్గురు పిల్లలు, ఆ చేపల వాసన. సంచీ కోసం వెనక్కి తిరిగాను.

దోన్యా తొమాసా గోడ దగ్గర్నుంచి కదిలి వచ్చి నాకూ ఆయనకీ మధ్య నిలబడింది. కోపమొచ్చినా, నిజం చెప్పాల్సి వచ్చినా ఆమెకి ఇంగ్లీషు పారిపోయేది. స్పానిష్‌లోనే అంది, హాలంతా వినపడేలా:

"దీనికేం సంబంధం లేదు. గంజి కలిపింది నేను. ఇస్త్రీ చేయించింది నేను. తెలిసే చేశాను, కావాలనే చేశాను. వెళ్ళాల్సింది నేను."

మిస్టర్ ప్రౌటీకి ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఏమంటోంది?" అని మమ్మల్ని అడిగాడు. మేం నేల చూపులు చూశాం. ఆయన ఫిస్క్ వైపు తిరిగాడు. "నువ్వు విన్నావుగా, ఏమంటోందీవిడ?"

ఫిస్క్ ఆమెకి మూడడుగుల దూరంలో ఉన్నాడు. ఆమె మొహంలోకి ఒకసారి చూశాడు.

"నాకేం వినపడలేదు సార్" అన్నాడు.

"ఇంత గట్టిగా అరిస్తేనా?"

"ఏమీ లేదు సార్. హాలంతా చాలా నిశ్శబ్దంగా ఉంది."

మిస్టర్ ప్రౌటీ అతని చెవుల వైపు చూశాడు. రెండు నెలలుగా ఆ చెవులు ఉందన్నది ఉందని, లేదన్నది లేదని నమ్మి, పదిహేడు సార్లు మైనం గీకించినవాడు ఆయనే. ఇప్పుడు ఆ చెవుల్ని కాదంటే సౌండు మనిషి కూడా చేజారిపోతాడు. గడియారం చూసుకుని, నన్ను పంపేసే మాటా, అద్దె బట్టల మాటా మళ్ళీ ఎత్తకుండా, తర్వాతి సీనుకి దీపాలు వేయమని చెప్పి, కుర్చీలో కూర్చున్నాడు.

సోమవారం పొద్దున పదకొండు మందిమీ రెండు ట్రాములు మారి పనిలోకి వెళ్ళాం.